సహజ ప్రసవం కోసం తరగతులకు వెళ్లాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

నా తొలి కాన్పుకు ముందు నేను ఏ తరగతికీ వెళ్లలేదు. రెండోసారి వెళ్లాను. ఆ తరువాత శిక్షణ తీసుకుని, కొన్నేళ్లుగా గర్భిణులకూ వారికి తోడుగా వచ్చేవారికీ నేనే తరగతులు చెబుతున్నాను. చేరాలనుకునేవారు మొదటి ఫోనులో అడిగే ప్రశ్నలు ఇక్కడ ఉన్నాయి. చివరి రోజు అందరూ వెళ్లిపోయాక ఒక్కరే ఆగి, గొంతు తగ్గించి అడిగే ప్రశ్నలు కూడా ఉన్నాయి. ఇక్కడ రాసింది చదివి డాక్టరు చెప్పిన మాట పక్కన పెట్టవద్దు. మీ గర్భం గురించి ఆమెకు తెలిసినవి నాకు తెలియవు.

సహజ ప్రసవం అంటే సరిగ్గా ఏమిటి?

ఈ మాటను ఒక్కొక్కరు ఒక్కో అర్థంలో వాడతారు. కొందరికి సిజేరియన్ కాకపోతే చాలు, అది సహజ ప్రసవమే. మరికొందరి దృష్టిలో నొప్పులు వాటంతట అవే మొదలవ్వాలి, నొప్పి తెలియకుండా చేసే మందు ఉండకూడదు, యోని ద్వారం దగ్గర కోత ఉండకూడదు. తరగతులు చెప్పేవారు ఎక్కువగా రెండో అర్థంలో మాట్లాడతారు. చేరేముందే మీరు అనుకుంటున్నది ఏదో, వారు చెబుతున్నది ఏదో అడిగి తేల్చుకోండి. అది తేల్చుకోక, మందు తీసుకున్నందుకు తరువాత తమను తాము నిందించుకున్న తల్లులను చూశాను.

తరతరాలుగా ఏ తరగతీ లేకుండానే కన్నారు కదా! ఇప్పుడు ఎందుకు?

ముడుచుకోవడం గర్భాశయానికి ఎవరూ నేర్పనక్కర్లేదు. తల తిప్పుకుంటూ కటి ఎముకల మధ్య నుంచి దిగడం బిడ్డకూ ఎవరూ నేర్పరు. కానీ కాన్పులు ఇళ్లలో జరిగిన కాలంలో ఆడపిల్లలు వాటి మధ్యే పెరిగారు. నొప్పులు గంటల తరబడి ఉంటాయని, మధ్యలో విరామం ఉంటుందని, ఆ మూలుగులు విని బెదరనక్కర్లేదని పక్క గదిలోంచి వింటూనే తెలుసుకున్నారు. ఇప్పుడు చాలామంది దగ్గరగా చూసే మొదటి కాన్పు తమదే. ఆ కాలంలో కాన్పులో పోయిన తల్లులూ బిడ్డలూ ఎందరో ఉన్నారు కాబట్టి ఆ రోజులే మేలని నేను అనను. అప్పుడు వాతావరణంలోనే దొరికిన పరిచయం ఇప్పుడు వెతుక్కుంటే తప్ప దొరకడం లేదు, అంతే.

నా సంగతే చెబుతాను. తొలి కాన్పులో ముక్కమన్నప్పుడు నేను ఊపిరి బిగబట్టి, బలమంతా ముఖంలోకి తెచ్చుకున్నాను. కళ్లలో ఎర్ర జీరలు లేచాయి, చెంపల మీద సన్నని ఎర్ర చుక్కలు పొక్కాయి. బిడ్డ మాత్రం దిగలేదు. గంట దాటాక వయసులో పెద్ద నర్సు ఒకావిడ వచ్చి, నా గడ్డాన్ని ఛాతీకి ఆనించి, "బలం ముఖంలోకి కాదమ్మా, కిందికి. మలవిసర్జనకు ముక్కినట్టే ముక్కు, సిగ్గుపడకు" అని చెవిలో చెప్పింది. ఆ తరువాత మూడు నొప్పులకే తల కనబడింది. ఆ రెండు ముక్కలు నాకు నెల రోజుల ముందే ఎవరైనా చెప్పి ఉండాల్సింది.

తరగతులకు వెళితే సిజేరియన్ తప్పుతుందా? మందు లేకుండా కనగలనా?

ఆ హామీ ఎవరూ ఇవ్వలేరు. ఇచ్చేవారి దగ్గర చేరకండి.

పరిశోధనలు కూడా ఒకే మాట చెప్పడం లేదు. స్వీడన్‌లో వెయ్యి మందికి పైగా తొలిచూలు గర్భిణులను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు శ్వాస, సడలింపు నేర్పి సహజ ప్రసవానికి సిద్ధం చేశారు. రెండో జట్టుకు మామూలు ప్రసవ తరగతులు పెట్టారు. 2009లో ఫలితాలు వెలువడ్డాయి. ఎపిడ్యూరల్, అంటే నొప్పి తెలియకుండా వెన్నులో ఇచ్చే మందు, తీసుకున్నవారు రెండు జట్లలోనూ 52 శాతమే. బ్రిటన్‌లో స్వీయ హిప్నాసిస్ (తమను తామే లోతైన సడలింపులోకి తీసుకెళ్లడం) నేర్పి 680 మందిని గమనించిన పరిశోధన 2015లో వచ్చింది. అక్కడా ఎపిడ్యూరల్ వాడకంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అయితే ఆ విద్య నేర్చుకున్నవారు, తాము ముందు ఊహించుకున్నంత భయం, ఆందోళన కాన్పులో కలగలేదని తరువాత చెప్పారు.

ఇందుకు భిన్నమైన ఫలితం 2016లో ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. 176 మంది తొలిచూలు గర్భిణుల్లో సగం మందిని, తోడు ఉండేవారితో కలిపి, రెండు రోజుల తరగతికి పిలిచారు. ఆక్యుప్రెషర్ (ఒంటి మీద కొన్ని చోట్ల వేళ్లతో నొక్కడం), మసాజ్, శ్వాస, ఊహాచిత్రాలతో సడలింపు, యోగా భంగిమలు నేర్పారు. తరగతికి వెళ్లినవారిలో ఎపిడ్యూరల్ తీసుకున్నవారు సుమారు 24 శాతం, వెళ్లనివారిలో సుమారు 69 శాతం. సిజేరియన్లు వెళ్లినవారిలో 18 శాతం, వెళ్లనివారిలో 32 శాతం దాటాయి. చిన్న పరిశోధన కనుక దీన్నే పట్టుకుని ఎవరూ ప్రచారం చేసుకోకూడదు. పైగా స్వీడన్‌లో పోల్చింది రెండు రకాల తరగతులను. ఆస్ట్రేలియాలో తరగతిని పోల్చింది ఆసుపత్రిలో మామూలుగా అందే సేవలతో.

ఈ అంకెల్లో నా మనసుకు ఆనేది ఒకటుంది. ఆస్ట్రేలియా తరగతిలో నేర్పింది ఎక్కువగా చేతులతో చేసే పని. పక్కన ఉన్న మనిషికి ఏం చేయాలో తెలియడం. నా తరగతుల్లోనూ బలంగా పనిచేసేది అదేనని నా నమ్మకం.

మందు తప్పుతుందన్న హామీ లేనప్పుడు తరగతి వల్ల లాభం ఏమిటి?

భయం తగ్గుతుంది. అది చిన్న లాభం కాదు. బ్రిటిష్ వైద్యుడు గ్రాంట్లీ డిక్-రీడ్ 1933లోనే ఈ వరుసను వివరించారు: భయం వల్ల కండరాలు బిగుస్తాయి, బిగిసిన కండరాల వల్ల నొప్పి పెరుగుతుంది, పెరిగిన నొప్పి భయాన్ని ఇంకా పెంచుతుంది. ఆయన చెప్పినవన్నీ నేను ఒప్పుకోను. ధైర్యం ఉంటే నొప్పే ఉండదన్నంత దూరం వెళ్లడం తల్లులకు అన్యాయం. కానీ ఆ వలయం ఉన్నమాట నిజం. గర్భాశయాన్ని ముడుచుకునేలా చేసేది ఆక్సిటోసిన్ అనే హార్మోన్. బెదిరినప్పుడు ఊరే హార్మోన్ అడ్రినలిన్. నొప్పుల తొలి దశలో రెండోది ఎక్కువైతే మొదటి దాని పని మందగిస్తుంది. ఇంట్లో చక్కగా వస్తున్న నొప్పులు ఆసుపత్రి గుమ్మం ఎక్కగానే కాసేపు ఆగిపోవడం మీరు వినే ఉంటారు.

ఏ దశ ఎంతసేపు ఉంటుందో తెలిసినవారు గడియారం చూసి కుంగిపోరు. ఏ మందు ఎందుకు ఇస్తారో ముందే విన్నవారు, నొప్పుల మధ్య సంతకం పెట్టమన్నప్పుడు ఒక ప్రశ్న అడగగలుగుతారు. తన కాన్పు గదిలో తాను అతిథిలా కాక ఆ గది మనిషిలా ఉండగలగడం, నేను తరగతి చెప్పేది దాని కోసమే.

తరగతిలో ఏమేమి నేర్పుతారు?

మంచి తరగతిలో మొదట కాన్పు నడిచే తీరు చెబుతారు. గర్భాశయ ముఖద్వారం మెత్తబడి, పలచబడి, 10 సెంటీమీటర్ల వరకు తెరుచుకోవాలి. మొదటి కొన్ని సెంటీమీటర్లకు ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు. ఒకరికి కొన్ని గంటలు, మరొకరికి ఆగుతూ సాగుతూ రోజు దాటవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం నొప్పులు జోరందుకున్నాయని లెక్కపెట్టేది 5 సెంటీమీటర్ల నుంచి. అక్కడి నుంచి పూర్తిగా తెరుచుకోవడానికి తొలి కాన్పులో సాధారణంగా 12 గంటలు, తరువాతి కాన్పుల్లో 10 గంటలు మించదు. ముక్కి బిడ్డను కనే దశ తొలిసారి 3 గంటల వరకు, తరువాత 2 గంటల వరకు పట్టవచ్చు. మాయ ఎక్కువగా అరగంటలోపే పడిపోతుంది. గంటకు ఒక సెంటీమీటరు తెరుచుకోవాలన్న పాత లెక్క అందరికీ వర్తించదని ఆ మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఈ ఒక్క సంగతి తెలిసి ఎందరు తల్లులు ఊపిరి పీల్చుకున్నారో!

తరువాత భంగిమలు. వెల్లకిలా పడుకుంటే గర్భాశయం బరువు వెన్ను పక్కనున్న పెద్ద రక్తనాళాల మీద పడుతుంది, బిడ్డకు అందే రక్తం తగ్గవచ్చు. తొలి దశలో నిలబడటం, నడవడం, కూర్చోవడం వల్ల ఆ దశ సుమారు గంటా 22 నిమిషాలు తగ్గిందని 2013 నాటి కోక్రేన్ సమీక్ష (ఒకే విషయం మీద వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూసేది) తేల్చింది. అందుకే తరగతిలో గోడకు చేతులు ఆనించి నడుము ఊపడం, మోకాళ్ల మీద వంగి కుర్చీని కావలించుకోవడం, చేతులూ మోకాళ్ల మీద నిలవడం, పక్కకు తిరిగి పడుకుని కాళ్ల మధ్య దిండు పెట్టుకోవడం అందరిచేతా చేయిస్తాం. మొదటి రోజు అందరికీ సిగ్గే. మూడో వారానికి ఎవరూ ఎవరినీ పట్టించుకోరు.

నొప్పులు తెప్పించే మందులు, ఎపిడ్యూరల్, పట్టకారుతోనో వాక్యూమ్‌తోనో బిడ్డను తీయడం, సిజేరియన్, వీటన్నిటి గురించీ చెప్పాలి. తల్లిపాలు పట్టడం, కాన్పు తరువాతి వారాలు కూడా ఉండాలి. ఇవి లేని తరగతి సగం తరగతే.

గాలి పీల్చి వదిలితే నొప్పి తగ్గుతుందా? నమ్మశక్యంగా లేదు.

చెబితే ఎవరూ నమ్మరు. అందుకే నేను రెండో రోజు ఐసు ముక్కలు తెస్తాను. తల్లులు, వెంట వచ్చినవారు, అందరూ ఒక్కో ముక్క గుప్పిట్లో పట్టుకోవాలి. ఒక నిమిషం. నొప్పి జోరుగా వచ్చినప్పుడు ఒక అల ఉండేది కూడా దాదాపు అంతే. మొదటిసారి ఏమీ చెప్పను. ఇరవై సెకన్లకే భుజాలు చెవుల దాకా లేస్తాయి, పళ్లు బిగుసుకుంటాయి, "ఇంకెంతసేపు?" అంటారు. గుప్పిట్లోంచి నీళ్లు మోచేతి దాకా కారుతాయి. కొందరు ముక్క పారేస్తారు.

చేతులు తుడుచుకున్నాక రెండోసారి. ఇప్పుడు ముక్కుతో మెల్లగా పీల్చి, నోటితో ఇంకా మెల్లగా వదలమంటాను. వదిలేటప్పుడు దవడ వదులు చేయాలి, భుజాలు కిందికి జారాలి. చలి అలాగే ఉంటుంది, ఒక్క పిసరు తగ్గదు. కానీ నిమిషం అయిందంటే చాలామంది, "అప్పుడేనా?" అంటారు. శ్వాస చేసేది అదే. నొప్పిని తీసేయదు, నొప్పితో మీరు పెట్టుకునే పోట్లాటను తగ్గిస్తుంది. ఐసుకూ కాన్పుకూ పోలిక లేదని నాకు తెలుసు. కానీ ఆ తేడా ఒకసారి చేతికి తెలిస్తే శరీరం గుర్తుపెట్టుకుంటుంది.

లామాజ్, బ్రాడ్లీ, హిప్నోబర్తింగ్ అని రకరకాల పేర్లు వింటున్నాం. వీటిలో ఏది మంచిది?

ఫ్రెంచి వైద్యుడు ఫెర్నాండ్ లామాజ్ 1951లో సోవియట్ యూనియన్ వెళ్లి, అక్కడ మందుల్లేకుండా కాన్పులు జరుగుతున్న తీరు చూసి, దాన్ని పారిస్‌కు తెచ్చారు. ఆయన దగ్గర బిడ్డను కన్న అమెరికన్ రచయిత్రి మార్జరీ కార్మెల్, ఎలిజబెత్ బింగ్‌తో కలిసి 1960లో అమెరికాలో దీనికోసం సంస్థ పెట్టారు. అప్పట్లో శ్వాసకు పక్కా లెక్కలుండేవి. ఇప్పటి లామాజ్ తరగతుల్లో కదలిక, తోడు, అనవసరమైన జోక్యాలు తగ్గించుకోవడం లాంటివి ఎక్కువ. అమెరికన్ డాక్టరు రాబర్ట్ బ్రాడ్లీ పద్ధతి భర్తకే శిక్షణ ఇచ్చి అతన్ని దారిచూపేవాడిగా నిలబెడుతుంది. అది దాదాపు 12 వారాలు సాగుతుంది, మందుల విషయంలో కాస్త పట్టుదల ఎక్కువ. మేరీ మోంగన్ 1989లో మొదలుపెట్టిన హిప్నోబర్తింగ్ లోతైన సడలింపు, మాటల ఎంపిక మీద నడుస్తుంది.

నన్నడిగితే పద్ధతి పేరు కంటే చెప్పే మనిషి ముఖ్యం. కళ్లు మూసుకుని ఒకచోట ఉండటం ఇష్టమైనవారికి హిప్నోబర్తింగ్ హాయిగా ఉంటుంది. ఏదో ఒకటి చేస్తూ ఉండాలనిపించేవారికి కదలికలు ఎక్కువగా నేర్పే తరగతి నప్పుతుంది.

ఎన్నో నెలలో చేరాలి?

ఏడో నెల చివరి నుంచి, అంటే 28 నుంచి 32 వారాల మధ్య మొదలుపెట్టి, 36 వారాలకు ముగిసేలా చూసుకోండి. మరీ ముందు చేరితే మరిచిపోతారు. ఆలస్యమైతే సాధనకు రోజులు మిగలవు. కవలలైతే ఇంకాస్త ముందే, ఎందుకంటే వారు తొందరగా పుట్టే అవకాశం ఎక్కువ. మాయ కిందికి ఉందనో, రక్తస్రావం అయిందనో, నెలలు నిండకుండా నొప్పులు వచ్చే ప్రమాదం ఉందనో డాక్టరు చెప్పి ఉంటే, ఏ వ్యాయామాలు మానాలో ఆమెను అడిగి తెలుసుకుని తరగతి చెప్పేవారికి చెప్పండి.

మావారు కూడా రావాలా? ఆయనకు సమయం దొరకదు.

తరగతికి మీరు ఒక్కరే వచ్చి అన్నీ నేర్చుకోవడం కంటే, కాన్పు గదిలో మీతో ఉండబోయే మనిషిని సగం తరగతులకైనా తీసుకురావడం మేలు. ఇది నేను గట్టిగా చెప్పే మాట. కాన్పు పొడుగునా విడవకుండా ఒక మనిషి తోడు ఉంటే ఏమవుతుందో 17 దేశాల్లో 15,000 మందికి పైగా స్త్రీలతో చేసిన 26 పరిశోధనలను కోక్రేన్ సమీక్ష 2017లో కలిపి చూసింది. తోడు ఉన్నవారికి పరికరాలు, ఆపరేషన్ లేకుండా ప్రసవం అయ్యే అవకాశం పెరిగింది, నొప్పుల సమయం తగ్గింది, కాన్పు గురించి చేదు జ్ఞాపకాలూ తగ్గాయి.

ఆ తోడు భర్తే కానక్కర్లేదు. అమ్మ, అక్క, స్నేహితురాలు, ప్రసవ సహాయకురాలు, ఎవరైనా సరే. మిమ్మల్ని చూసి గాభరాపడని మనిషి కావాలి.

తరగతిలో వారికి నేర్పే పని ఒకటి చూపిస్తాను. బిడ్డ వీపు తల్లి వీపు వైపు ఉన్నప్పుడు నడుములో నొప్పి భరించలేనంత వస్తుంది. తల్లి ముందుకు వంగి నిలబడాలి. తోడు వెనక నిలబడి, వెన్నెముక చివర పిరుదుల పైన ఉండే బల్లపరుపు ఎముక మీద మణికట్టు దగ్గరి అరచేతి భాగం ఆనించాలి. నొప్పి మొదలవగానే మోచేయి వంచకుండా ఒంటి బరువంతా ఆ చేతి మీదికి వాల్చాలి. రుద్దకూడదు, నొక్కి ఉంచాలి. నొప్పి దిగిపోయాక మెల్లగా తీయాలి. భర్తలు మొదట పువ్వును ముట్టుకున్నట్టు ముట్టుకుంటారు. "ఇంకా గట్టిగా" అని భార్య నాలుగుసార్లు అన్నాక గానీ వారికి అసలు ఎంత బలం కావాలో తెలియదు. ఆ బలం ఎంతో కాన్పు గదిలో తెలుసుకోవలసిన విషయం కాదు.

వీడియోలు చూస్తే చాలదా?

దశలు, భంగిమలు తెలుసుకోవడానికి చాలు. పడక మీదే ఉండమని డాక్టరు చెప్పినవారికి, దగ్గరలో తరగతి లేనివారికి అవే దిక్కు, వాటితోనూ బాగానే సిద్ధం కావచ్చు. కానీ భుజాలు బిగుసుకున్నాయని వీడియో చెప్పదు, అరచేయి తప్పుచోట పెట్టారని సరిచేయదు. వీడియోలతో నేర్చుకుంటే తోడు ఉండేవారితో కలిసి నేల మీదికి దిగి చేయండి. సోఫాలో కూర్చుని చూసింది చేతికి రాదు.

మంచి తరగతిని ఎలా గుర్తుపట్టాలి?

ముందు ఫోనులో మూడు ప్రశ్నలు అడగండి. సిజేరియన్ గురించి ఎంతసేపు చెబుతారు? నొప్పి తగ్గించే మందుల గురించి ఏమి చెబుతారు? ఒక్కో తరగతిలో ఎంతమంది ఉంటారు? మొదటి ప్రశ్నకు "మా దగ్గర ఆ అవసరం రాదు" అన్న జవాబు వస్తే ఫోను పెట్టేయండి. మందు తీసుకోవడం ఓటమి అన్న ధ్వని వినిపించినా అంతే. పది జంటలు దాటితే చేతులు పట్టుకుని సరిచేయడం కుదరదు.

ఆసుపత్రులు నడిపే తరగతుల్లో ఆ ఆసుపత్రి పద్ధతులు తెలుస్తాయి, కాన్పు గది ముందే చూపిస్తారు, అది మంచిదే. కొన్నిచోట్ల మాత్రం మంచి రోగిగా ఎలా ఉండాలో చెప్పి పంపేస్తారు. బయట విడిగా చెప్పేవారి దగ్గర ప్రశ్నించడం నేర్చుకుంటారు. కానీ వారిలో కొందరు డాక్టర్ల మీద అపనమ్మకం నూరిపోస్తారు. కాన్పు గదిలోకి శత్రుత్వంతో అడుగుపెట్టే తల్లికి సగం బలం అక్కడే పోతుంది.

నేను ఎపిడ్యూరల్ తీసుకోవాలనే అనుకుంటున్నాను. నాకూ తరగతి అవసరమా?

అవసరమే. ఎపిడ్యూరల్ ఇచ్చేలోపు చాలా గంటలు గడుస్తాయి. మత్తు డాక్టరు వేరే ఆపరేషన్‌లో ఉండవచ్చు. కొందరికి ఒకవైపే పనిచేస్తుంది. ఆ సమయమంతా మీ దగ్గర ఉండేది మీ శ్వాస, మీ తోడు మాత్రమే. ఆరోగ్యంగా ఉన్న తల్లి కోరుకుంటే ఎపిడ్యూరల్ ఇవ్వాలనే ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది.

సిజేరియన్‌కు తేదీ ఇచ్చేశారు. అయినా రావచ్చా?

రండి. ఆపరేషన్ గదిలో ఏం జరుగుతుందో, బిడ్డను వెంటనే ఛాతీ మీద పెట్టుకోవడం ఎలాగో, కుట్లతో లేచి కూర్చోవడం, పాలు పట్టడం ఎలాగో నేర్చుకోవచ్చు.

మొదటిది సిజేరియన్. రెండోది సహజంగా కనాలని ఉంది. తరగతి పనికొస్తుందా?

ముందు వెళ్లవలసింది డాక్టరు దగ్గరికి. మొదటి ఆపరేషన్ ఎందుకు చేశారు, కోత గర్భాశయం కింది భాగంలో అడ్డంగా పెట్టారా, ఇవి తేలాలి. ప్రయత్నించడానికి తగినవారని నిర్ణయించిన స్త్రీలలో 60 నుంచి 80 శాతం మందికి మామూలు ప్రసవం అవుతుంది. పాత కుట్టు విడిపోయే ప్రమాదం నూటికి ఒకటి కంటే తక్కువ, కానీ జరిగితే ప్రాణాల మీదికి వస్తుంది. అందుకే అప్పటికప్పుడు ఆపరేషన్ చేయగల ఆసుపత్రిలోనే కనాలి. అది ఖాయమైతే తరగతి చాలా ఉపయోగపడుతుంది. మొదటి కాన్పు మిగిల్చిన భయాన్ని నోరు తెరిచి చెప్పుకునే చోటు దొరుకుతుంది.

తరగతిలో నేర్చుకున్నది ఆసుపత్రిలో చేయనిస్తారా?

ఇది కాన్పు రోజున తేల్చుకునే సంగతి కాదు. ఎనిమిదో నెలలో, మామూలు పరీక్షకు వెళ్లినప్పుడే అడగండి. నాతో ఒకరు పూర్తిగా ఉండవచ్చా? నొప్పుల మధ్య నడవనిస్తారా, నీళ్లు తాగనిస్తారా? పక్కకు తిరిగో మోకాళ్ల మీదో కనవచ్చా? కోత అందరికీ పెడతారా, అవసరమైనవారికేనా? బొడ్డుతాడు కనీసం ఒక నిమిషం ఆగి కోస్తారా? బిడ్డ బాగుంటే మొదటి గంట నా ఛాతీ మీదే ఉంచుతారా?

ఇవేవీ గొంతెమ్మ కోరికలు కావు. తోడు ఉండాలని, తల్లిని కదలనివ్వాలని, కోత అందరికీ అలవాటుగా పెట్టకూడదని, మొదటి గంట తల్లి ఒంటికి బిడ్డ ఒళ్లు ఆనించి ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాల్లోనే ఉంది. కోరికలు ఒక కాగితం మీద, ఒక పుటకు మించకుండా రాసి డాక్టరుకు చూపండి. "పరిస్థితి మారితే మాకు చెప్పి చేయండి" అన్న వాక్యం అందులో తప్పక ఉండాలి.

ఇంట్లో ఎంత సాధన చేయాలి?

రోజుకు పదిహేను నిమిషాలు. పడుకునేముందు తోడు ఉండేవారితో నాలుగైదు శ్వాసలు, ఒకటి రెండు భంగిమలు, నడుము మీద నొక్కడం. 35 వారాల నుంచి వారానికి ఒకటి రెండుసార్లు యోని ద్వారం కింది భాగాన్ని శుభ్రమైన వేళ్లతో, నూనెతో మృదువుగా సాగదీసి మర్దన చేసుకుంటే తొలి కాన్పులో కోత అవసరం కొంత తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. ఇన్ఫెక్షన్ ఉన్నవారు, మాయ కిందికి ఉన్నవారు చేయకూడదు. ముందు డాక్టరును అడగండి.

అంతా నేర్చుకుని, నొప్పులప్పుడు మరిచిపోతే?

మరిచిపోతారు. ముఖద్వారం చివరి రెండు మూడు సెంటీమీటర్లు తెరుచుకునే వేళ చాలామందికి వణుకు వస్తుంది, వాంతి వస్తుంది, "నా వల్ల కాదు, ఇంటికి వెళ్లిపోతాను" అంటారు. మీ తోడును తరగతికి రమ్మనేది ఆ వేళ కోసమే. ఆ మాట వినగానే బెదిరిపోకుండా, బిడ్డ దగ్గరికి వచ్చేసిందని గుర్తుపట్టగలిగేది వారే. మీ ముఖానికి ముఖం దగ్గరగా పెట్టి, తాము మెల్లగా ఊపిరి వదులుతూ ఉంటే చాలు. మీకు ఏమీ గుర్తులేకపోయినా ఆ ఊపిరిని మీరు అందుకుంటారు.

అనుకున్నట్టు జరగకపోతే నేను సరిగ్గా సాధన చేయలేదనా?

కాదు. ఈ ప్రశ్న నన్ను చాలా బాధపెడుతుంది. నా తరగతిలో ఒక్క రోజూ మానకుండా వచ్చిన ఒకావిడ ఇరవై గంటలు నొప్పులు పడి, చివరికి సిజేరియన్‌తో కన్నది. చూడటానికి వెళితే బిడ్డను చూపించకముందే, "నేను ఎక్కడో తప్పు చేశాను కదా?" అని అడిగింది. ఆమె బిడ్డ నడినెత్తి కాక నుదురు ముందుకు వచ్చేలా దిగింది. అలా స్థిరపడిన తల కటిలోంచి మామూలుగా బయటికి రాదు. ఏ శ్వాసా, ఏ భంగిమా అక్కడ సరిపోలేదు. ఆపరేషన్ తల్లినీ బిడ్డనూ కాపాడింది. ఆ ఇరవై గంటలూ ఆమె నిలబడిన తీరు చూసిన నర్సులు మెచ్చుకున్నారు. ఆ మెప్పు ఆమెకు అందాల్సింది, అపరాధ భావం కాదు. తరగతి చెప్పేవారు మొదటి రోజే ఈ మాట చెప్పకపోతే వారి బాధ్యతలో లోటు చేసినట్టే.

ఆసుపత్రికి ఎప్పుడు బయల్దేరాలి?

తొలి కాన్పు, నెలలు నిండాయి, ఏ ఇబ్బందీ లేదు అన్నప్పుడు తరగతుల్లో చెప్పే లెక్క ఇది: నొప్పి ఐదు నిమిషాలకు ఒకసారి వస్తూ, ఒక్కోటి ఒక నిమిషం ఉంటూ, అలా గంటసేపు సాగితే బయల్దేరండి. నడిచినా, పడుకున్నా, స్నానం చేసినా తగ్గిపోయేవి దొంగ నొప్పులు. రెండో కాన్పు అయితే, ఇల్లు దూరమైతే, ఇంతసేపు ఆగకండి.

ఏ లెక్కా చూడకుండా వెంటనే వెళ్లవలసిన సందర్భాలు వేరు. రక్తస్రావం. ఉమ్మనీరు పోవడం, ముఖ్యంగా అది ఆకుపచ్చగానో గోధుమరంగులోనో ఉంటే. 37 వారాలు నిండకముందే నొప్పులు. తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, డొక్కల కింద పొట్ట పైభాగంలో తీవ్రమైన నొప్పి. జ్వరం. బిడ్డ కదలికలు తగ్గడం లేదా మారడం. కదలికల విషయంలో తెల్లవారేదాకా చూద్దామని అనుకోవద్దు. అర్ధరాత్రి అయినా ఫోను చేయండి, వెళ్లండి. పరీక్షించి అంతా బాగుందని పంపించేస్తే, మరునాడు మళ్లీ అనుమానం వచ్చినా మొహమాటపడకుండా మళ్లీ వెళ్లండి.